వాగుకు మిస్డ్‌కాల్

సోమవారం పొద్దున మంజులత సర్వర్‌ను గట్టి కాపలా కిందికి మార్చింది. ఆ పూట నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు. మార్చిన గంటలోపే ఏదో ఒకటి ఆగిపోతుందని, ఎవరో ఒకరు ఫోన్ చేసి కేకలేస్తారని ఎదురుచూసింది. ఎవరూ చేయలేదు. మంగళవారం ఏదీ ఆగలేదు. బుధవారమూ అంతే. అంతా సవ్యంగా ఉన్నకొద్దీ ఆమెకు లోపల దడ ఎక్కువవుతూ వచ్చింది.

మహబూబ్‌నగర్‌లో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో, ఒక కిరాయి ఇంటి మేడమీద రెండు గదుల్లో వాళ్ల ఆఫీసు. పెద్దవాగు మీది ఆనకట్ట గేట్లు ఎత్తేముందు కింది ఊళ్లకు కబురు పంపడం దాని పని. ఆ పనిని ఒక చిన్న కంపెనీ కాంట్రాక్టుకు తీసుకుంది. మంజులత ఆ కంపెనీ మనిషి. ఎదురు బల్ల దగ్గర ఆనకట్ట తరఫున కూర్చునే ఇంజనీరు పరశురాం. ఆయనది మోత్కూరు దిక్కు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి.

నిజానికి కబురు పంపేది మనుషులు కాదు. తెర మీద కనపడకుండా, సర్వర్ వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే ఒక సర్వీసు. దాని పేరు కూడా కబురే. గేట్లు ఎత్తుతున్నారని దానికి తెలియగానే మోడెం నుంచి ఫోన్లు చేస్తుంది. "పెద్దవాగుకు నీళ్లు ఇడుస్తున్నరు, వాగులున్నోళ్లు ఒడ్డెక్కుండ్రి" అని రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది. ఎత్తనివాళ్లకు మళ్లీ చేస్తుంది. ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది.

ఎవరికి చేయాలన్నదే మొదట్లో చిక్కు. సర్పంచుల నంబర్లు, పోలీసుల నంబర్లు మారవు. వాటిని ఒకసారి ఎక్కిస్తే చాలు. కానీ వాగులో నిజంగా ఉండేది గొర్రెల కాపరులు. మొదటి ఏడాది కాపరులందరికీ ఫోన్లు పోయేవి. గుట్టమీద మేపుకునేవాడికి వాగు సంగతెందుకు? నాలుగుసార్లు విన్నారు, తర్వాత ఎత్తడం మానేశారు. అప్పుడు మంజులత వాళ్ల నాయిన గుర్వయ్య ఒక ఉపాయం చెప్పాడు. "వాగుల దిగినోడే చెప్తడు బిడ్డా. నీ మిషన్ ఇంటే చాలు" అన్నాడు.

అట్లా ఈ పద్ధతి వచ్చింది. పొద్దున మందను వాగులోకి దింపే కాపరి కబురు నంబరుకు ఒక మిస్డ్‌కాల్ ఇవ్వాలి. కబురు ఆ కాల్‌ను కోసేసి, నంబరును ఆ రోజు పట్టీలో రాసుకుంటుంది. అర్ధరాత్రి కాగానే ఆ పట్టీని తుడిచేస్తుంది. ఫోన్ ఒకసారి మోగి తెగిపోతే చాలు, కాపరులు "ముట్టింది" అనుకుంటారు. ఆ నంబరుకు "వాగు" అని పేరు పెట్టుకున్నారు. "వాగుకు కొట్టినవా?" అని ఒకరినొకరు అడుగుతారు. ఆ రోజుకు ఇక నిశ్చింత. వాగు ఫోన్ చేయలేదంటే నీళ్లు రావడం లేదని అర్థం.

ఎండాకాలం మొదట్లో హైదరాబాద్ నుంచి తనిఖీకి ఒకతను వచ్చాడు. సర్వర్ అంతా చూసి పెదవి విరిచాడు. ఇక్కడ ఏ సర్వీసైనా ఏ ఫైలునైనా ముట్టుకోవచ్చు, రేపెవడో దూరి కబురు నోట దొంగమాట పలికిస్తే పది ఊళ్లు పరుగెడతాయి అన్నాడు. ఆ మాట నిజమే. లినక్స్‌లో సెలినక్స్ అని ఒక కాపలా ఉంది. అది ఎవరి హోదానూ లెక్కచేయదు. ఏ సర్వీసు ఏ ఫైలును చదవవచ్చు, ఏ ఫైలులో రాయవచ్చు అని నియమాలు రాసి పెడితే, అంతవరకే ఒప్పుకుంటుంది. నియమం లేని పనిని ఆపేస్తుంది. ఆ నియమాలన్నీ కలిపి పాలసీ అంటారు. కబురుకు పాలసీ రాయమని మంజులతకు చెప్పి అతను వెళ్లిపోయాడు.

రాసే తీరు ఒకటుంది. మొదట కొన్నాళ్లు కాపలాను చూస్తూ ఊరుకోమంటారు. అది దేన్నీ ఆపదు. కానీ సర్వీసు ముట్టుకున్న ప్రతిదాన్నీ లాగ్‌లో రాస్తుంది. ఆ లాగ్ ముందు పెట్టుకుని, ఇది కావాలి, ఇది అక్కర్లేదు అని ఏరుకోవాలి. మంజులత ఎండాకాలమంతా ఆ పనిలోనే ఉంది. నాయిన పోయిన తర్వాత ఆమెకు చేతినిండా పని ఉండటమే మేలనిపించింది. చలికాలంలో, నాలుగు రోజులు దవాఖానలో ఉండి, గుర్వయ్య పోయాడు.

లాగ్‌లో ఒక్కచోట ఆమె ఆగింది. రోజూ అర్ధరాత్రి కబురు ఆ పట్టీని రాయడానికి తెరుస్తోంది. లోపల చూస్తే ఏమీ లేదు. ఖాళీ పట్టీని తుడిచి మూస్తోంది. ఏ రోజు చూసినా ఇదే. కబురును రాసినతను కంపెనీ మానేసి ఎప్పుడో పోయాడు, అడగడానికి లేడు. కాపరుల నంబర్లు ఇంకెక్కడో దాస్తున్నాడు కాబోలు, ఇది పాత కాలపు మిగులు కాబోలు అనుకుంది. నిజంగా నంబర్లు రాసేదే అయితే ఇన్నాళ్లలో ఒక్కటైనా అందులో పడి ఉండాలి కదా. ఖాళీదాన్ని తుడవడానికి రాసే హక్కెందుకు? ఎంత తక్కువ ఇస్తే అంత భద్రమని తనిఖీ అతను మరీ మరీ చెప్పాడు. పట్టీని చదవడానికి అనుమతి ఇచ్చింది. రాయడానికి ఇవ్వలేదు. పైగా ఈ పనికిమాలిన ప్రయత్నం రోజూ లాగ్‌లో చెత్త పోస్తుందని, "ఆపు, ఆపినట్టు రాయకు" అని ఇంకో నియమం చేర్చింది. ఆ రోజు ఆమెకు అది శుభ్రమైన పనిగానే తోచింది.

గురువారం పరశురాం టోపీ విదిలించుకుంటూ మేడెక్కాడు. మహబూబ్‌నగర్‌లో నాలుగు చినుకులే. పై దిక్కున మాత్రం రాత్రి దంచి కొట్టింది.

"ఆనకట్ట నుంచి ఫోనొచ్చిందమ్మా. నిండనీకొచ్చిందట. పన్నెండు కొట్టంగనే రెండు గేట్లు ఎత్తుతరు. నీ కబురుకు కబురు చెప్పు" అన్నాడు. మళ్లీ ఆమె ముఖం చూసి, "సోమారం సంది చూస్తున్న, ఆ ఆనకట్టను నువ్వే నెత్తిన మోస్తున్నట్టున్నవు. జర చాయ తాగు" అన్నాడు.

"తాగుతా సార్."

తాగలేదు. కబురు నడుస్తోందా అని చూసింది. నడుస్తోంది. ఆఫీసు ఫోనుకు పరీక్ష కాల్ చేయించింది. మోగింది, గొంతు వినిపించింది. సర్పంచుల జాబితాను చదువుతోంది. మోడెం బాగుంది. ఎక్కడా ఎర్రగీత లేదు. చివరికి, ఎందుకో, ఆ రోజు పట్టీని తెరిచింది. ఖాళీ.

"సార్, ఇయ్యాల వాగుల ఎవరూ లేరా?"

"గీ మబ్బుకు ఎవరు దిగుతరమ్మా?"

"వాగు కాడ మబ్బు లేదు సార్. మా అమ్మ పొద్దుగాల ఫోన్ల ఎండ కొడుతుందన్నది."

పరశురాం భుజాలెగరేశాడు. సర్వర్ రోజూ మాపటికి దాచే నకళ్లలో మంజులత నిన్నటిది చూసింది. మొన్నటిది చూసింది. ఖాళీ, ఖాళీ. ఎండాకాలమంతా కూడా ఇట్లాగే ఖాళీగా ఉండేది కదా అని తనకు తాను చెప్పుకుంది. ఆ మాటే ఆమెను గుచ్చింది. నంబర్లు ఇంకెక్కడో ఉన్నాయనుకుంది. ఎక్కడ? ఫోన్ తీసి తల్లి భద్రమ్మకు కొట్టింది.

"అమ్మా, మందలు ఏడ మేస్తున్నయే?"

"ఏడ మేస్తయి, వాగులనే. పదో పన్నెండో మందలు దిగినయి. ఆదివారం వచ్చిండ్రు గదా అందరు కిష్ట ఒడ్డు నుంచి. మొన్న నీకు చెప్తే ఊ కొట్టినవు."

"కృష్ణ ఒడ్డుకు ఎప్పుడు పోయిండ్రు?"

"ఎప్పుడు పోయిండ్రంటవేందే? మాఘంల పోయిండ్రు. ఎండాకాలం గొర్లు ఈడుంటయా? ఈడుంటే ఏం తింటయి, నీ కంప్యూటర్లు తింటయా?"

మంజులత లాగ్‌లోని తేదీలు చూసింది.

ఆమెకు తెలియని సంగతా అది? ఆ ఇంట్లో పుట్టింది. మాఘమాసం వస్తే ఇల్లంతా తిరునాళ్లలా ఉండేది. తల్లి జొన్నలు విసిరించేది. నాయిన గొంగళ్లు దులిపి ఎండకు వేసేవాడు, దొడ్డికి కట్టే వల చిరుగులు కుట్టేవాడు. పిల్లలకు చెప్పకుండానే ఒక తెల్లవారుజామున మంద వెళ్లిపోయేది. తొలకరి దాకా రాదు. ప్రతి ఏడూ ఆ ఇంట్లోంచి ఎవరో ఒకరు బయల్దేరడం చూసింది కాబట్టి అది మాఘమాసమని, ఇది ఎండాకాలమని ఆమె ఒంటికి తెలిసేది. ఈ ఏడు ఎవరూ బయల్దేరలేదు. మంద చిన్నాయిన నర్సింహ చేతికి పోయింది. మాఘం వచ్చింది, పోయింది, ఆమె చూడలేదు.

ఆమె లాగ్ ముందు కూర్చుని నేర్చుకున్న నెలలన్నీ వాగులో మనిషి లేని నెలలు. ఎవరూ మిస్డ్‌కాల్ ఇవ్వలేదు. అందుకే పట్టీ ఖాళీ. అందుకే కబురు ఏమీ రాయలేదు. అది చూసి ఆమె రాసే హక్కే తీసేసింది.

"మంజూ? ఉన్నవా?"

"మళ్ల చేస్తనమ్మా."

"ఆపినట్టు రాయకు" అన్న నియమాన్ని ముందు పక్కకు తీసింది. తర్వాత తన ఫోనుతోనే కబురు నంబరుకు మిస్డ్‌కాల్ ఇచ్చింది. ఒకసారి మోగింది. తెగిపోయింది. ఎవరు విన్నా ముట్టిందనే అనుకుంటారు. పట్టీ తెరిచింది. ఖాళీ. లాగ్ తెరిచింది. ఎర్రగా ఒక గీత: కబురు పట్టీలో రాయబోయింది, కాపలా ఆపింది.

సోమవారం నుంచి రోజూ పొద్దున ఎవరెవరు ఫోన్ కొట్టారో, అందరికీ ఇదే జరిగింది.

"సార్, గేట్లు ఆపాలె."

పరశురాం టిఫిన్ డబ్బా మూత తీయబోతున్నవాడు ఆగాడు. ఆమె చెప్పింది. తొందరలో ముందుది వెనక, వెనకది ముందు చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"ఆపుడు నా చేతిల లేదు" అన్నాడు చివరికి. "పైన నీళ్లొస్తనే ఉన్నయి. కట్టకు ఏమన్న అయితే ఊళ్లే పోతయి. అరగంట అడుగుత. ఇస్తరో లేదో." అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నువ్వు ముందు ఆ కాపలా పీకెయ్యి."

"పీకితే రేపటి సంది రాసుకుంటది సార్. ఇయ్యాల పొద్దుగాల కొట్టిన నంబర్లు తిరిగి రావు. అవి ఎక్కడా లేవు."

"ఎక్కడా?"

ఆమె మోడెం వైపు చూసింది. అరచేయంత నల్ల డబ్బా, మీద ఒక పచ్చదీపం. మామూలు ఫోను లాంటిదే అది కూడా. తనకు వచ్చిన చివరి పది కాల్స్‌ను తన సిమ్ము మీద గుర్తుపెట్టుకుంటుంది. కాకపోతే కబురు నడుస్తున్నంతసేపూ మోడెం దాని చేతిలో ఉంటుంది. కబురును ఆపితేనే లోపల ఏముందో చదవగలదు. గేట్లు ఎత్తబోయే పూట కబురును ఆపడం. ఆపింది.

పక్కన పరశురాం మాట్లాడుతున్నాడు. "లేదండీ, నేను వద్దంటలేను. జర నిలబడుండ్రి అంటున్న. మనుషులున్నరు కింద." కొంచెంసేపు విన్నాడు. "సరే. పన్నెండున్నర." ఫోన్ కింద పెట్టకుండానే మంజులత వాళ్ల ఊరి సర్పంచుకు కొట్టాడు. సర్పంచు పెళ్లికని జడ్చర్లలో ఉన్నాడు. ఊర్లోకి మనిషిని పంపి బండి మీద ఒడ్డు వెంట పొమ్మంటానన్నాడు. వాగు ఊరికి ఎంత దూరమో, ఎన్ని మలుపులో ఇద్దరికీ తెలుసు.

పది నంబర్లు వచ్చాయి. చివరిది ఆమెది. మిగతావాటిలో ఒకటి రెండుసార్లు ఉంది. అంటే ఎనిమిది మంది. వాటిని తన ఫోల్డర్‌లోనే ఒక ఫైలుగా రాసింది. ఆ ఫైలును పట్టీ ఉండే చోటికి జరిపింది. పట్టీని చదవడానికి కబురుకు అనుమతి ఉంది, దానికి ఇప్పుడు పాలసీ మార్చే పని లేదు. కబురును మళ్లీ నడిపింది. ఆజ్ఞ ఇచ్చింది.

సర్పంచులకు ఫోన్లు పోయాయి. పోలీసులకు పోయాయి. ఆ ఎనిమిది మందిలో ఒక్కరికీ పోలేదు.

"ఏమైంది?" అన్నాడు పరశురాం.

లాగ్‌లో ఇంకో ఎర్రగీత. పట్టీని చదవనివ్వలేదు. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. అప్పుడు అర్థమైంది. ప్రతి ఫైలుకూ అది పుట్టిన చోటి ముద్ర ఉంటుంది. గొర్రె చెవికి వేసే కోత లాంటిది. పక్క మందలో కలిపినా చెవి కోతను బట్టి ఎవరి గొర్రో చెప్పేస్తారు. ఆమె ఫైలు ఆమె ఫోల్డర్‌లో పుట్టింది. జరిపినా ఆ ముద్రే ఉంది. అది కబురు ఫైలు కాదని కాపలా అడ్డం నిలిచింది.

"అందుకే పీకెయ్యమన్న" అన్నాడు పరశురాం, గట్టిగా కాదు.

ఆమె ముద్ర మార్చే ఆజ్ఞ కొట్టింది. ఒక అక్షరం తప్పు పడింది. మళ్లీ కొట్టింది. తెర మీద నంబర్లు ఒక్కొక్కటి వెలగడం మొదలైంది. మోగుతోంది. ఎత్తారు. మోగుతోంది. ఎత్తారు. ఒకతను సగం విని కట్ చేశాడు, అతనికి కబురు మళ్లీ చేసింది, అప్పుడు పూర్తిగా విన్నాడు. ఎనిమిది మందీ విన్నారు. దగ్గర్లో ఉన్నవాళ్లను వాళ్లు ఎట్లాగూ కేకేస్తారు.

మంజులత ఆ ఎనిమిది నంబర్లనూ పైనుంచి కిందికి చూసింది. మళ్లీ చూసింది. చిన్నాయినది లేదు. చీకటి విడవకముందే దిగే మనిషి, అందరికంటే ముందు వాగుకు ఫోన్ కొట్టే మనిషి. ఆయన తర్వాత కొట్టినవాళ్లు ఆయన నంబరును మోడెం గుర్తులోంచి నెట్టేశారు.

తల్లికి ఫోన్ చేసింది.

"చిన్నాయిన మంద ఏడున్నదమ్మా?"

"మడుగు మలుపు కాడ. ఈనిన గొర్లున్నయని అందరికి ఎడంగ పెట్టుకున్నడు. గొర్రె పిల్లల గంపలన్ని ఇసుకదిబ్బ మీదనే ఉన్నయి. ఏమైందే?"

"నువ్వు ఒడ్డుకు పోకు. ఇంట్లనే ఉండు."

మడుగు మలుపు దగ్గర వాగు గుట్టను చుట్టి తిరుగుతుంది. అవతలి కేక ఇవతలికి వినపడదు. ఆమె పట్టీలో ఇంకో నంబరు చేర్చింది. చూసి రాయాల్సిన పని లేదు, ఆ అంకెలు నోటికి వచ్చు. మందతో పాటు నాయిన ఫోనూ చిన్నాయినకే పోయింది. కబురు ఆ నంబరుకు మోగించింది. ఎత్తలేదు. మళ్లీ మోగించింది. ఎత్తలేదు.

"గేట్లు లేస్తున్నయట" అన్నాడు పరశురాం. ఆయన గొంతు కూడా తగ్గింది. "మలుపుకు నీళ్లు రానీకె ఎంతసేపు?"

"ముప్పావుగంట."

మూడోసారీ ఎత్తలేదు. మంజులత తన ఫోన్ తీసుకుంది. తెర మీద "నాయిన" అని ఉంది. ఆ పేరు మార్చడానికి ఆమెకు చేయి రాలేదు. చలికాలం నుంచి ఆ నంబరు నొక్కనూ లేదు. ఏమన్నా పని ఉంటే చిన్నమ్మ ఫోనుకు చేసేది. చిన్నమ్మ ఫోను పోయిన నెల నీళ్లలో పడి పాడైందట. నొక్కింది. చాలాసేపు మోగింది. ఇక ఆగిపోతుందనగా ఎత్తారు.

"ఏం బిడ్డా" అంది ఆ ఫోను.

ఆ నంబరు నుంచి ఆ మాట వినడానికి ఆమె సిద్ధపడి లేదు. ఒక ఊపిరి అట్లా పోయింది.

"మంజూ? మాట్లాడు."

"చిన్నాయినా, నీళ్లు ఇడుస్తున్నరు. ఒడ్డెక్కు."

"అవునా? వాగు చేయలేదే?"

"చేసింది. మూడుసార్లు చేసింది."

"మడుగుల గొర్లను కడుగుతున్న. ఇనపడలే." పక్కకు తిరిగి ఎవరితోనో, "నీళ్లిడుస్తున్నరట" అన్నాడు నింపాదిగా. "సరే బిడ్డా, ఈ నాలుగింటిని కడిగి ఎక్కుతం. వాగు చేసినంక గంటన్నర ఉంటది గద."

"ఇయ్యాల లేదు చిన్నాయినా."

"ఉంటదే. ఎన్నిసార్లు చూడలే మేము."

"ఇయ్యాల ఆలస్యంగ చేసింది. గేట్లు లేసినయి. నా మాటిను, గొర్లను ఇడిసిపెట్టి ఎక్కు. మీరిద్దరు ఎక్కుండ్రి చాలు."

అవతల గొర్రెల అరుపులు, నీళ్లలో కాళ్ల చప్పుడు.

"గోపా" అన్న కేక వినిపించింది. "గంపలు ఎత్తు. ఉన్నయి ఉన్నట్టే ఎత్తు." ఫోన్ కట్ కాలేదు. ఎక్కడో గుడ్డలో పడినట్టుంది. మంజులత దాన్ని చెవికి అదుముకుని కూర్చుంది. చిన్నాయిన మందను అదిలించే కూత దగ్గరైంది, దూరమైంది. చిన్నమ్మ గోపమ్మ ఏదో తిట్టింది, గొర్రెనో మొగుడినో తెలియలేదు. తర్వాత గాలి చప్పుడు మాత్రం మిగిలింది. ఆ తర్వాత అది కూడా ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్ అని వచ్చింది.

పరశురాం డబ్బా మూత పెట్టేసి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. కాసేపటికి వచ్చి కూర్చున్నాడు. "ఛార్జింగ్ అయిపోయుంటది" అన్నాడు. ఆమె తలూపింది. ఆయన మళ్లీ కిటికీ దగ్గరికి పోయాడు.

ముప్పావుగంట అయింది. గంట అయింది. సర్పంచు పంపిన మనిషి ఫోన్ చేసి, ఊరి రేవు దగ్గర వాగు రెండు ఒడ్లకూ ఆనుకుని పారుతోందని, మడుగు దిక్కు పోవడానికి దారి లేదని చెప్పాడు. మంజులత చేతులు ఊరికే పెట్టుకోలేక పాలసీ తెరిచింది. పట్టీలో రాయడానికి అనుమతి ఇచ్చే నియమం రాసింది. ఒక్క వరుస అది. "ఆపినట్టు రాయకు" అన్నదాన్ని పూర్తిగా కొట్టేసింది. కొత్త పాలసీని ఎక్కించింది. తన ఫోనుతో మిస్డ్‌కాల్ ఇచ్చింది. పట్టీలో తన నంబరు పడింది. మూడుసార్లు ఇచ్చి, మూడుసార్లు చూసింది. పొద్దున ఈ ఒక్క వరుస ఉంటే చాలునన్న ఆలోచనను దగ్గరికి రానివ్వకుండా ఉండాలని చూసింది.

మాపటికి ఒక తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నేనే బిడ్డా. ఇది తండాల ఎవరిదో ఫోను. మనది తడిసింది."

"చిన్నమ్మ?"

"ఉన్నది. మోకాలు చెక్కుకపోయింది, అందుకు నన్ను తిడుతుంది. గొర్లు ఎక్కినయి. ఒక గంప పోయింది. మూడు పిల్లలు. రెండోసారి దిగుదామనుకున్న, మీ చిన్నమ్మ దోతి వట్టుకొని గుంజింది."

మంజులత కళ్లు మూసుకుంది. "చిన్నాయినా, ఒకటి చెప్పాలె."

"చెప్పు."

చెప్పింది. సోమవారం నుంచి ఆయన కొట్టిన ఫోన్ ఒక్కటీ ముట్టలేదని, తన చేతి రాత వల్లే ముట్టలేదని చెప్పింది. సెలినక్స్ పేరు ఎత్తలేదు. మందలు కృష్ణ ఒడ్డున ఉన్న నెలల్లో చూసి నియమాలు రాశానని, ఆ సంగతి మరిచానని చెప్పింది. నర్సింహ చివరిదాకా విన్నాడు.

"నువ్వు మరిచినవా?" అన్నాడు.

"మరిచిన."

అది కోపం కాదు. కోపమైతే బాగుండుననిపించింది ఆమెకు.

"మరి సోమారం నీళ్లొస్తే?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. "సరే తియ్యి. ఇప్పుడు బాగైందంటున్నవు గద. మందిల చెప్పకు" అన్నాడు. "చెప్తే ఎవరూ వాగు దిగరు. పచ్చిక ఈడనే ఉన్నది. గుట్ట మీద ఇంక మొలవనే లేదు. గొర్లు మాడుతయి. నీ నౌకరీ కూడ పోతది."

ఫోన్ పెట్టేశాక మంజులత చాలాసేపు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. చిన్నాయిన చెప్పినదాంట్లో తప్పులేదు. రేపటి నుంచి కబురు రాసుకుంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఇంకో సంవత్సరం, ఇంకో పాలసీ, ఇంకొకరు ఇంకేదో మరిచినా, ఫోన్ ఒకసారి మోగి తెగిపోతుంది, అందరూ ముట్టిందనే అనుకుంటారు.

"సార్, నేను కాపరులకు చెప్తా" అంది.

"కంపెనీని అడిగినవా?"

"లేదు."

పరశురాం సంచీ భుజానికి వేసుకున్నాడు. మెట్ల దాకా పోయి, తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "చెయ్యి. నేనుంటా" అన్నాడు.

మొదటి నంబరు మహేష్ అనే పడుచు కాపరిది. అంతా విని, "మేడం, గవర్నమెంటు మిషన్ అంటే గిట్లనే ఉంటది, మాకెర్కనే" అన్నాడు నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, "నా తమ్ముడు కూడ నాతోనే ఉన్నడు ఇయ్యాల" అన్నాడు. ఆమె క్షమించమంది. అతను ఫోన్ పెట్టేశాడు. రెండో అతను తిట్టాడు. గట్టిగానే తిట్టాడు. ఆమె మధ్యలో ఆపలేదు. ఇంకొకతను రేపటి నుంచి గుట్టకే పోతానన్నాడు.

చివరి నంబరు, రెండుసార్లు కొట్టిన నంబరు, బాలనర్సమ్మ అనే ముసలామెది.

"నువ్వు గుర్వయ్య బిడ్డవా?" అంది ఆమె.

"అవునవ్వా."

"నాకు అనుమానమే. ఆ మిషన్ కోసేస్తది గని ఏమన్న రాసుకుంటదా, ఎవడు చూసిండు? అందుకే రోజు రెండుసార్లు కొడుత."

"ఇప్పుడు రాసుకుంటదవ్వా. బాగుచేసిన."

"నువ్వు సోమారం కూడ గట్లనే అనుకున్నవు గద?"

మంజులత ఒప్పుకుంది.

"అయితే నేను మిషన్‌కు కొట్ట. నీకే కొడుత. నువ్వు మనిషివి, ఎత్తి ఊ అంటే చాలు. నీకు బాధనా?"

"లేదవ్వా. కొట్టు."

"మబ్బులనే, చీకటుండంగనే దిగుత నేను. నిద్రల ఉంటవేమో."

"ఉండ."

మర్నాడు ఇంకా చీకటి విడవకముందే ఆమె ఫోన్ మోగింది. ఎత్తి, "ఊ, అవ్వా" అంది. మంచం మీది ల్యాప్‌టాప్‌లో పట్టీ తెరిచి ఆ నంబరును తన చేత్తో ఎక్కించింది. ఫోన్ కింద పెట్టేలోపే మళ్లీ మోగింది. ఈసారి మహేష్. అతని తర్వాత, నిన్న తిట్టినతను. ఆమె మంచం మీద లేచి కూర్చుని, ఒక్కొక్కరికీ ఊ కొడుతూ, ఒక్కొక్కరినీ ఎక్కిస్తూ పోయింది.